చేతికి రాని ఒక్క బొమ్మ

ముప్పది సంవత్సరముల క్రిందటి మాట. ఏడవ తరగతికి నేను భిన్నములు చెప్పుచుండగా వెనుక బల్లమీది బాలుడొకడు ఒడిలో ఏవో అట్టముక్కలు పెట్టుకొని చూచుకొనుచుండెను. దగ్గఱకు పోయి లాగికొంటిని. అవి ఆ రోజులలో బబుల్ గమ్ముతోపాటు దుకాణములలో దొరకుచుండిన క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలు. రబ్బరుబ్యాండు చుట్టిన కట్ట. అంచులు నలిగి, చేతిచెమటకు మెత్తబడి యున్నవి. కట్ట నడుమ రూళ్ళకాగితమొకటి మడిచి యున్నది. అందు వరుసగా ఆటగాండ్ర పేర్లు, ప్రతి పేరు ప్రక్కను ఒక టిక్కు. ఒక్క పేరునకు మాత్రము టిక్కు లేదు. నేనిచ్చిన ఇంటిలెక్కలు ఆ బాలుడు ఏనాడును సరిగా చేసికొని రాలేదు. ఈ జాబితాలో మాత్రము ఒక్క కొట్టివేతయైనను లేదు.

“సాయంకాలము వచ్చి తీసికొనుము” అంటిని. “ఒక్కటే తక్కువ మాస్టారూ” అని మాత్రము వాడు గొణిగెను. సాయంకాలమునకు నేను మఱచితిని. వాడు భయపడి అడుగలేదు. వేసవి సెలవులలో వాని తండ్రికి బదిలీయై ఆ కుటుంబము ఊరు విడిచి పోయెను. కట్ట నా బల్లసొరుగులోనే నిలిచిపోయెను.

ఇంటిలెక్కలకు లేని శ్రద్ధ అట్టముక్కలకొరకు ఏల? పుఱ్ఱెకొక బుద్ధి యని త్రోసివేయవచ్చును. కాని ఆ టిక్కులేని పేరు నా మనస్సులో చాలకాలము మెదలుచుండెను. ఉద్యోగవిరమణానంతరము తీరిక చిక్కినపుడు ఈ బొమ్మల చరిత్ర కొంత చదివితిని. ఈ వ్యసనమునకు పుట్టినిల్లు అమెరికా, ఇంగ్లండు దేశములు గనుక కథయంతయు అచ్చటిదే.

ఈ బొమ్మలు పుట్టినది ఆటస్థలములో కాదు, పొగాకు దుకాణములో. 1880 ప్రాంతములలో సిగరెట్లను పలుచని కాగితపు పొట్లములలో పెట్టి అమ్ముచుండిరి. జేబులో వేసికొన్న నలిగిపోవును. అందుచేత పొట్లము బిగువుగా నుండుటకై లోపల ఒక అట్టముక్క చొప్పించిరి. వట్టి అట్టను వృథాగా పోనిచ్చువాడు వర్తకుడు కాడు. దానిమీద నటీమణులను, రాజులను, పక్షులను, జెండాలను, ఆటగాండ్రను అచ్చువేయించిరి. పొట్లము కొన్నవానికి బొమ్మ ఉచితము. అయితే ఏబది బొమ్మలొక వరుసయని ప్రకటించుట, ఏ పొట్లములో ఏ బొమ్మ యున్నదో తెలియకుండ చేయుట — ఇందులో నున్నది కిటుకంతయు.

1887లో వర్జీనియా రాష్ట్రములోని రిచ్‌మండ్ నగరమున ఆలెన్ అండ్ గింటర్ అను కంపెనీవారు లోకమందలి మేటి క్రీడావీరులని ఏబది బొమ్మలు వెలువరించిరి. అందు పదిమంది బేస్‌బాల్ ఆటగాండ్రు. తక్కినవారు ముష్టియోధులు, మల్లులు, పడవపందెముల వారు, బిలియర్డు ఆటగాండ్రు, గుఱి తప్పని తుపాకివారు. ఆ తుపాకివారిలో ఆనీ ఓక్లీ అను స్త్రీయు నొకతె. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరపు విల్స్ కంపెనీవారు 1896లో ఏబదిమంది క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలు వేసిరి. వారిలో మన రంజిత్‌సింహ్‌జీ యొకడు. ఆ సంవత్సరమే ఆయన మాంచెస్టరులో ఇంగ్లండు పక్షమున తన తొలి టెస్టు ఆడి మొదటి ఇన్నింగ్సులో 62, రెండవదానిలో అవుట్ కాకుండ 154 పరుగులు చేసెను.

ఇంగ్లండు పిల్లలు పొగాకు దుకాణముల ముంగిట నిలిచి, వెలుపలికి వచ్చు పెద్దమనుష్యులను బొమ్మ ఉన్నదా యని అడుగుచుండెడివారు. పొగ త్రాగువాడొకడు, బొమ్మ దాచువాడొకడు. ఇద్దఱి నడుమ వర్తకుడు సుఖించెను. యుద్ధకాలపు కాగితపు కఱవు వచ్చి 1940లో ఆ దేశమున ఈ బొమ్మలు నిలిచిపోయినవి. మన పల్లెలలో అగ్గిపెట్టెలమీది బొమ్మలు ఏరుకొన్న వారికి ఇందలి రుచి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక అమెరికాలో 1909 నుండి 1911 వఱకు అమెరికన్ టొబాకో కంపెనీ వెలువరించిన బేస్‌బాల్ బొమ్మలు ఐదువందలకు పైబడినవి. ఈ వరుసకు టి-206 అని పేరు. ఆ పేరు పెట్టినవాని సంగతి ముందు చెప్పెదను. అందు పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడైన హోనస్ వాగ్నర్ బొమ్మ కొలదిగా అచ్చుపడి ఆగిపోయెను. ఆయనయే వద్దనెను. తన బొమ్మకొరకు పిల్లలు పొగాకు కొనరాదని ఆయన తలంచెనని కొందఱు, ప్రతిఫలము కుదరక వద్దనెనని కొందఱు చెప్పుదురు. వాగ్నర్ తాను స్వయముగా పొగాకు నమలువాడు. కావున మొదటి మాటను నమ్మవలెనా యని సంశయము. అయినను తన దురలవాటు పిల్లలకు అంటరాదని కోరుకొను పెద్దలు లోకములో లేకపోలేదు. నాకు మొదటి మాటయే నచ్చును. నేడు మిగిలిన ఆ బొమ్మలు అఱువది వఱకు ఉండునని అంచనా. 2022లో వానిలో నొకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను.

వానిలో మిక్కిలి పేరుపడినది వేఱొకటి. ఐస్‌హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ మఱియొకరితో కలిసి 1991లో దానిని 4 లక్షల 51 వేల డాలర్లకు కొనెను. ఎనుబదేండ్ల నాటి అట్టముక్కకు అంచులంత తీరుగా నుండుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. పూర్వము దానిని అమ్మిన వర్తకుడే ఆ అంచులు తాను కత్తిరించి సరిచేసినట్లు 2013లో న్యాయస్థానమున ఒప్పుకొనెను.

పొగాకువారి కిటుకును మిఠాయివారును, చూయింగ్ గమ్మువారును నేర్చిరి. బోస్టన్ నగరపు గౌడీ కంపెనీవారు 1933లో గమ్ముతోపాటు 1 నుండి 240 వఱకు సంఖ్యలుగల బేస్‌బాల్ బొమ్మలు ఇచ్చిరి. ఆ సంవత్సరము అమెరికాలో ఎట్టిదో చరిత్ర చెప్పు ఉపాధ్యాయులకు తెలియును. పనులు లేక బజారున నిలిచిన తండ్రుల పిల్లలకు ఒక్క సెంటు నాణెము చిన్నది కాదు. ఆ సెంటుతోనే గమ్ము కొని, పొట్లము విప్పి, వరుస సరిచూచుకొనిరి. 105 దొరకెను, 107 దొరకెను, 106 మాత్రము ఎవరికిని దొరకలేదు. ఎన్ని కొన్నను దొరకదు. ఆ సంఖ్యగల బొమ్మను అచ్చువేయనే లేదు. సంగతి గ్రహించి ఉత్తరములు వ్రాసినవారికి మఱుసటి సంవత్సరము నాప్ లాజోయ్ అను పాతతరపు ఆటగాని బొమ్మమీద 106 అని సంఖ్యవేసి కంపెనీవారు తపాలాలో పంపిరి. దీనిని మోసమనక తప్పదు. అయినను ఆ ఉత్తరములు వ్రాసినవారిని తలంచుకొన్న నాకు ముచ్చటగా నుండును. మనము తరగతిలో సంఖ్యల వరుస చెప్పి, నడుమ లోపించిన సంఖ్య యేది యని అడిగిన ఎందఱు చేయి యెత్తుదురు? వారు ఎవరును అడుగకయే చేయి యెత్తిరి.

ఇప్పటి బొమ్మల రూపము స్థిరపడినది 1952లో. బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ యుద్యోగి సై బెర్గర్ అంతకు ముందటి శరత్కాలమున తన యింటి వంటగది బల్లమీద అట్టముక్కలు పఱచుకొని, సహోద్యోగి వుడీ గెల్మన్‌తో కలిసి ఈ రూపమును కల్పించెను. ముందువైపు రంగులబొమ్మ, జట్టు చిహ్నము, ఆటగాని సంతకము. వెనుకవైపు అతడు పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, ఆటలోని లెక్కలు. ఈ వెనుకవైపు నాకు ఎక్కువ నచ్చినది. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టినవాని సామర్థ్యమును దశాంశములలో చెప్పుదురు: వేయిసార్లు ఆడి మూడువందలసార్లు సరిగా కొట్టినవానికి .300. మూడువందలు దాటినవాడు మేటి. ఈ భిన్నములను ఆ దేశపు పిల్లలు బడిలో నేర్చుకొనకముందే బొమ్మల వెనుక చదివి, ఏది పెద్దది, ఏది చిన్నదియని వాదులాడుకొనిరి. నేను కట్ట లాగికొన్ననాడు చెప్పుచుండినవి భిన్నములే యన్న సంగతి నాకు ఇది చదివినపుడు గుర్తు వచ్చినది.

ఆ 1952 వరుసలో 407 బొమ్మలు. వాని చివరిభాగము అంగడికి వచ్చుసరికి బేస్‌బాల్ ఋతువు ముగియవచ్చెను. పిల్లల దృష్టి వేఱు ఆటలమీదికి మరలెను. అమ్ముడుపోని పెట్టెలు గోదాములో మూలుగుచుండెను. 1960లో చోటు ఖాళీ చేయవలసివచ్చి బెర్గర్ వానిని చెత్తపడవ కెక్కించి, న్యూజెర్సీ తీరమునకు దూరముగా అట్లాంటిక్ సముద్రములో పారవేయించెను. అట్లు మునిగినవానిలో 311వ సంఖ్యగల మికీ మాంటిల్ బొమ్మలును ఉండెను. పారవేయబడక మిగిలిన అట్టి బొమ్మ యొకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలములో పోయెను.

సముద్రమే కాదు, తల్లులును ఈ పని చేసిరి. కొడుకు పెద్దచదువునకు పోగానే తల్లి గది దులిపి బొమ్మల పెట్టెను చెత్తలో వేసినదనుట అమెరికాలో సామెతవంటి మాట. ఆ తల్లులు పారవేయుటవలననే మిగిలినవానికి వెల వచ్చినది. ఈ సంగతి 1980 తరువాత అందఱికిని తెలిసిపోయెను. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు, 1989లో అప్పర్ డెక్ కంపెనీ టాప్స్‌కు పోటీగా వచ్చినవి. జనులు పెట్టెలకు పెట్టెలు కొని, విప్పనైనను విప్పకుండ, పిల్లల కళాశాల ఖర్చులకని అటకలమీద దాచిరి. కంపెనీలును అడ్డు ఆపులేక అచ్చువేసినవి. ఎవరును పారవేయలేదు గనుక దేనికిని వెల రాలేదు. ఆ కాలపు బొమ్మలు పెట్టెలు పెట్టెలుగా నేటికిని కారుచవుకగా దొరకుచున్నవి.

ఇప్పుడు వెలగల బొమ్మను ఎవరును చేతితో తాకరు. 1991 నుండి ఒక కొత్త వృత్తి బయలుదేరెను. బొమ్మను పంపిన, అంచులు, మూలలు, రంగు పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పలకల నడుమ బిగించి తిరిగి పంపుదురు. మార్కులు వేయు విద్య మనకు కొత్త కాదు. పదికి తొమ్మిది వేసిన మనయొద్ద పిల్లవాడేడ్చును. అచ్చట పెట్టుబడి పెట్టినవాడేడ్చును. వెనుకవైపు జిగురంటిన బొమ్మకు మార్కులు పడవు.

ధరల మాట ఇంతటితో చాలును. ఈ బొమ్మల ఆకర్షణ ధరలోనిది కాదని నా నమ్మకము. ఇటలీలో మోడెనా నగరపు పనీని సోదరులు 1961 నుండి ఫుట్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలు, వానిని అంటించుటకు పుస్తకములు వెలువరించిరి. ఆ దేశపు పిల్లలు ఎదుటివాని కట్ట త్రిప్పి చూచుచు “ఉన్నది, ఉన్నది, లేదు” అని పలుకుదురు. ఉన్నవాని ముందు నిమిషమైనను ఆగరు. ‘లేదు’ అన్నచోట చేయి ఆగును, బేరము మొదలగును. గౌడీవారి 106, వాగ్నర్, నా సొరుగులోని టిక్కులేని పేరు — అన్నియు ఆ ‘లేదు’ అన్న మాటయే.

పిల్లలకు ‘లేదు’ అని తోచని లోటు కూడ ఈ బొమ్మలలో నొకటి గలదు. పంతొమ్మిదవ శతాబ్దము చివర నల్లజాతివారికి మూయబడిన అమెరికా పెద్ద లీగుల తలుపు, 1947 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టువఱకు తెఱచుకొనలేదు. ఆ దీర్ఘకాలము నల్లజాతి ఆటగాండ్రు తమ నీగ్రో లీగులలో ఆడిరి. అమెరికా గమ్ము కంపెనీల వరుసలలో వారికి చోటు లేదు. 1933లో 106వ బొమ్మ లోపించెనని ఉత్తరములు వచ్చినవి. ఆ సంవత్సరమే జాష్ గిబ్సన్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు పిట్స్‌బర్గ్‌లో బంతులను మైదానము దాటించుచుండెను. అతనికి సంఖ్యయే లేదు గనుక లోటు ఎవరికి తెలియును? గిబ్సన్ 1947 జనవరిలో, రాబిన్సన్ ఆడుటకు మూడు నెలలు ముందుగా, తన 35వ యేట మరణించెను. ప్యూర్టోరికో దీవిలో అతడు శీతకాలములలో ఆడియుండెను. ఆ దీవివారు 1950-51లో టొలెటెరోస్ అను వరుసలో అతని బొమ్మ వేసిరి. స్వదేశము వేయని బొమ్మను పొరుగుదీవి వేసినది. అదియు అతడు పోయిన తరువాత. 2024 మే నెలలో నీగ్రో లీగుల లెక్కలను పెద్ద లీగుల లెక్కలతో చేర్చినపుడు, జీవితకాలపు సగటులో గిబ్సన్ .372తో, అంతవఱకు మొదటివాడైన టై కాబ్ .367ను దాటెను. ఇప్పుడు అతని బొమ్మ వెనుక ఆ సంఖ్యను అచ్చువేయవచ్చును.

ఇక టి-206 అని పేరు పెట్టినవాని సంగతి. అతని పేరు జెఫర్సన్ బర్డిక్. 1900లో న్యూయార్కు రాష్ట్రములోని సెంట్రల్ స్క్వేర్ అను చిన్న ఊర పుట్టెను. సిరాక్యూజ్ నగరములో విద్యుత్ పరికరముల కర్మాగారమున భాగములు కూర్చు పనివాడు. పెండ్లి లేదు, ఆస్తి లేదు. కీళ్ళవాతము వచ్చి చేతులు వంకరలు పోయెను. బేస్‌బాల్ ఆటపై అతనికి పెద్ద మోజు కూడ లేదని చెప్పుదురు. కాని దుకాణములవారు ఊరక పంచిపెట్టి, జనులు ఊరక పారవేయు అచ్చుకాగితమంతయు అతనికి కావలెను: సిగరెట్టు బొమ్మలు, గమ్ము బొమ్మలు, పోస్టుకార్డులు, ప్రకటనల చీటీలు, పండుగ శుభాకాంక్షల పత్రములు.

ఇట్టివి పోగుచేయువారు దేశమున అచ్చటచ్చట నుండిరిగాని, ఎవనియొద్ద ఏమున్నదో, మొత్తము ఎన్ని యున్నవో ఎవరికిని తెలియదు. బర్డిక్ 1937లో సంగ్రాహకుల కొరకు చిన్న పత్రిక నొకటి మొదలిడెను. 1939లో మొదటి జాబితాను అచ్చువేసెను. అమెరికన్ కార్డ్ కేటలాగ్ అను పేర అది తరువాత పలుమార్లు పెరిగి వెలువడెను. పంతొమ్మిదవ శతాబ్దపువానికి ‘ఎన్’, ఇరువదవ శతాబ్దపు పొగాకు బొమ్మలకు ‘టి’, తొలినాటి మిఠాయి బొమ్మలకు ‘ఇ’, ఇటీవలి గమ్ము బొమ్మలకు ‘ఆర్’ అని గుర్తులు పెట్టి, ప్రతి వరుసకును సంఖ్య నిచ్చెను. లక్షల డాలర్ల వేలములలో నేడు వినబడు టి-206 అను మాట ఆ కర్మాగారపు పనివాడు తన తీరికవేళలలో వ్రాసికొన్న గుర్తే. నా విద్యార్థి రూళ్ళకాగితముమీద చేసినపనిని అతడు దేశమంతటికి చేసెను.

1947లో తన సంగ్రహమును న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు ఇచ్చుటకు అతడు పూనుకొనెను. చిత్రకళాఖండముల నడుమ సిగరెట్టు బొమ్మలా యని తృణీకరింపక, ఆ మ్యూజియములో అచ్చుచిత్రముల శాఖాధిపతియైన హయత్ మేయర్ స్వీకరించెను. ఆయన రసజ్ఞతకు ఇది గొప్ప సాక్ష్యము. అయితే పెట్టెలకొలది వచ్చిన ముక్కలను వరుసలవారీగా ఆల్బములలో అంటించవలెను. ఆ వరుసలు తెలిసినవాడు బర్డిక్ ఒక్కడే. అతడు పని మానుకొని 1959లో న్యూయార్కునకు మకాము మార్చెను. చదువరుల గది మూలను చిన్న బల్ల యొకటి ఇచ్చిరి. వంకరపోయిన వ్రేళ్ళతో అట్టముక్కను పట్టుకొని, జిగురు పూసి, అంటించి, మఱియొకటి. మొత్తము మూడు లక్షలకు పైబడినవి. అందు బేస్‌బాల్ బొమ్మలు ముప్పదివేల వఱకు. జిగురంటినచో మార్కులు పడవని చెప్పితిని గదా! వాగ్నర్ బొమ్మ కూడ ఆ సంగ్రహములో నున్నది. అతని కన్నులకు అది టి-206 వరుసలో నుండవలసిన యొక బొమ్మ. అది లేనిచో వరుసలో సందు మిగులును.

వ్యాధి ముదురుచుండెను. మందులు మ్రింగుచు వచ్చి కూర్చుండెడివాడు. 1963 జనవరి 10వ తేదీ సాయంకాలము ఐదు గంటలకు చివరి ముక్క అంటించెను. కష్టముమీద కోటు తొడుగుకొని, ఇక రానని చెప్పి వెడలిపోయెను. మఱునాడు ఆసుపత్రిలో చేరెను. మార్చి 13న మరణించెను.

ఇది చదివినరాత్రి సొరుగులోని కట్ట తీసి రబ్బరుబ్యాండు విప్పబోతిని. అది ఎండి పొడియై రాలిపోయెను. ఆ బాలునికి ఇప్పుడు నలుబది దాటి యుండును. ఎచ్చట నున్నాడో తెలియదు. బొమ్మలను జాబితాతో సరిచూచితిని. టిక్కులన్నియు సరిగా నున్నవి. అజారుద్దీన్ రెండున్నవి, రెండవది మార్పిడికొరకు అట్టిపెట్టుకొన్నదై యుండును. టిక్కులేని పేరు అనిల్ కుంబ్లే.

హైదరాబాదులో ఆబిడ్స్ కాలిబాటమీద ఆదివారములు పాతపుస్తకములు అమ్మువారిని నాలుగు వారములుగా అడుగుచున్నాను. ఒకడు సినిమా తారల బొమ్మలు చూపెను, మఱియొకడు తపాలాబిళ్ళలు చూపెను. ఆ బబుల్ గమ్ము బొమ్మలు తన చిన్నతనమున తానును దాచితినని, ఇంట వెదకి చూచెదనని మూడవవాడు చెప్పెను. వచ్చే ఆదివారము మరల రమ్మన్నాడు.